నాపరాయి మీది నురుగు

రెండువేల పద్దెనిమిదవ సంవత్సరం, ఏప్రిల్ పందొమ్మిదవ తేదీ, గురువారం. నంద్యాల అప్పటికింకా జిల్లా కేంద్రం కాలేదు. ఎండల విషయంలో మాత్రం ఆ హోదా దానికి ఏనాడో దక్కింది. పొద్దు నడినెత్తికి రాకముందే వడగాలి మొదలైంది. నూనెపల్లె సందుల్లో కుక్కలు నీడ ఉన్నంత మేరకే శరీరాలను కుదించుకొని మురుగు మోరీల అంచున పడుకొన్నాయి. మబ్బు అనే మాటకు అర్థం చెప్పి చూపడానికైనా ఆకాశంలో ఒక తునక లేదు. అటువంటి రోజున ఆ వీధి ఇల్లాళ్ళందరూ చేసే పనినే గుల్జార్‌బీ కూడా చేసింది. కిటికీ రెక్కలు మూసి, వాటిపై తడిపిన గోనెపట్టా వేలాడదీసి, తలుపు దగ్గరగా వేసి గదిని చల్లబరచుకొంది. ఆ తరువాత, ఆ మూసిన గదిలోనే చతికిలబడి, పాత నీళ్ళసీసాల్లోకి యాసిడ్ నింపసాగింది.

ఆ పని ఆమెకు కొత్త కాదు. భర్త అబ్దుల్ గఫార్ మోపెడ్‌కు ఇరువైపులా బుట్టలు కట్టుకొని, యాసిడ్, ఫినాయిల్, బ్లీచింగ్ పొడి వీధివీధికీ తిప్పి అమ్మేవాడు. టోకు దుకాణం నుంచి క్యాన్లలో సరుకు తెచ్చేది అతడు. గరాటుతో సీసాలకెత్తి మూతలు బిగించేది ఆమె. పెళ్ళయిన నాటినుంచి ఇదే వరస. ఆమె దగ్గుతో నిద్ర లేచేది. ఆ దగ్గును కాపురంతో పాటు వచ్చిన వస్తువులలో ఒకటిగానే భావించి, దాని ఊసు ఎవరివద్దా ఎత్తేది కాదు.

నంద్యాలలో యాసిడ్‌కు అంత గిరాకీ ఎందుకంటే, నీటి వల్ల. బోరునీరు ఇక్కడ ఉప్పునీరు. ఆ నీరు ఆరినచోటల్లా తెల్లటి పొర ఒకటి మిగిలిపోతుంది. కొళాయి మూతిమీద, బకెట్టు అంచున, స్నానాల గది బండమీద. మన భాషలో శుభ్రమన్న మాట సంస్కృతం నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం తెల్లనిదని. తెల్లనిదాన్నే శుభ్రమని పిలిచిన మనము, ఈ ఒక్క తెలుపును మాత్రం మురికిగా లెక్కగట్టి దానిమీద యుద్ధం ప్రకటించాము. ఆ యుద్ధానికి ఆయుధాలు సరఫరా చేసినవాడు గఫార్.

అతని అమ్మకంలో ఒక వేడుక ఉండేది. ఏ ఇంటి ముందు ఆగినా, గడపబండ అంచున మూతెడు యాసిడ్ ఒలకబోసేవాడు. ఈ ప్రాంతంలో గడపలూ అరుగులూ చాలావరకు నాపరాయివే. బండ బుసబుసమని పొంగి, తెల్లని నురుగు కక్కేది. "చూడమ్మా, ఎంత మురికి కడుపులో దాచుకొని కూర్చోనుండాదో నీ బండ," అనేవాడు. ఇంటావిడ సిగ్గుపడేది, సిగ్గుపడి ఒకటికి రెండు సీసాలు కొనేది. ఇందులో మోసముందని అనుకోవడానికి వీల్లేదు. ఆ నురుగు మురికేనని అందరికంటే గట్టిగా నమ్మినవాడు గఫారే.

గుల్జార్‌బీకి ఈ వ్యాపారంతో సంబంధం లేని సంపద ఒకటి ఉండేది: ఆమె గొంతు. ముస్లిముల పెళ్ళిళ్ళలో, నిఖాకు ముందు కొన్ని సాయంత్రాలు, ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చొని ఢోలక్ వాయిస్తూ పాడతారు. పాటల్లో సగం దీవెనలు. తక్కిన సగం పెళ్ళికొడుకు మేనత్తల ముక్కుమీదా, నడకమీదా వేళాకోళాలు. ఒకరు చరణమెత్తుకొని చివరి మాటను పట్టి సాగదీయాలి. ఆ సాగు తెగకముందే మిగిలినవారు అందుకోవాలి. నంద్యాలలోనూ, ఆళ్ళగడ్డలోనూ చరణమెత్తుకోవడానికి గుల్జార్‌బీనే పిలిచేవారు. తన ఒక్కగానొక్క కూతురు నిలోఫర్ పెళ్ళిలో, ఎవరి సాయమూ లేకుండా మొదటినుంచి చివరిదాకా తానే పాడాలన్నది ఆమె కోరిక. ఆ కోరికకోసం ఆమె కొత్త వేళాకోళాలు కూడా కట్టి పెట్టుకొంది. పెళ్ళికొడుకెవరో తెలియదు గనుక, అతని మేనత్తల పేర్లున్నచోట ఖాళీలు వదిలింది.

ఆ గురువారం ఆమె ముందు ఒక బేసిన్ ఉంది. ఉదయం అందులోనే బ్లీచింగ్ పొడి పోసుకొని పొట్లాలు కట్టింది. అడుగున కొంత మిగిలిపోయింది. గరాటు జారింది. సీసాలోకి పోవలసిన యాసిడ్ బేసిన్‌లో పడింది. పసుపూ పచ్చా కానిదేదో పొగలా లేచింది. మూసిన కిటికీ, దగ్గరగా వేసిన తలుపు, తడి గోనెపట్టా, అన్నీ కలిసి ఆ పొగను బయటకు పోనీయలేదు. పక్కగదిలో చదువుకొంటున్న పదహారేళ్ళ నిలోఫర్‌కు బేసిన్ దొర్లిన చప్పుడు వినబడింది. ఓణీ ముక్కుకు అడ్డం పెట్టుకొని వచ్చి, తల్లిని రెండు చంకలూ పట్టి వీధిలోకి ఈడ్చింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గొట్టంతో వీపంతా విన్నది. ఇంట్లో ఏ పని చేస్తారని అడిగింది. గుల్జార్‌బీ చెప్పింది. డాక్టరమ్మ కాసేపు రాయడం మానేసి, ఆమె ముఖంలోకి చూసింది.

"ఆ రెండూ కలిస్తే విషవాయువమ్మా. ఇప్పుడు గండం గడిచింది. కానీ ఇది ఈరోజు మొదలైంది కాదు. రోజూ కొంచెం కొంచెంగా పీల్చినావు. పీల్చే మందు ఇస్తా, బాగైతావు. ఆ సీసాల దగ్గరికి మళ్ళీ పోతే మాత్రం నా మందు పనిచేయదు."

గఫార్ ఆ మాటల్లో తనకు వీలైనవి మాత్రమే ఏరుకొన్నాడు. బేసిన్లు రెండు కొన్నాడు: ఒకటి పొడికి, ఇంకొకటి యాసిడ్‌కు. కిటికీ తెరిపించాడు. వానలు పడేనాటికి గుల్జార్‌బీ మళ్ళీ గరాటు పట్టుకొంది. పట్టుకోక ఏం చేస్తుంది? ఇంటి బియ్యమూ, నిలోఫర్ కాలేజీ, తన పీల్చే మందూ, మూడూ ఆ గరాటులోంచే దిగి రావాలి.

ఆ ఏటి చలికాలంలో ఆళ్ళగడ్డలో గఫార్ అక్క కూతురి పెళ్ళి వచ్చింది. శిల్పులుండే వీధిలో ఆ ఇల్లు. ఆళ్ళగడ్డకు వెళ్ళినవారెవరైనా ముందుగా వినేది ఉలి చప్పుడే. తెల్లవారితే చాలు, రాతిపొడి మంచులా లేచి, దారిన పోయే గొర్రెలకు కూడా విభూతి పెట్టినట్లుంటుంది. పక్కింటి శిల్పి మాధవయ్య. గఫార్ నెలకొకసారి మోపెడ్‌మీద ఆళ్ళగడ్డకు వచ్చి అక్క ఇంట దిగేవాడు. మొదటి బోణీ మాధవయ్య గడపలోనే.

ఢోలక్ సాయంత్రం ఆడవాళ్ళంతా చేరారు. గుల్జార్‌బీ చరణమెత్తుకొంది. గొంతు బాగానే లేచింది. చివరి మాటను పట్టి సాగదీసే చోట, ఎదలోపల ఎవరో తలుపు వేసినట్లయింది. పాట తెగిపోయింది. ఢోలక్ ఒక్కటే కొంతసేపు ఒంటరిగా మోగి, అదీ ఊరుకొంది. ఒక ముసలామె నీళ్ళందించింది. ఇంకెవరో చిన్నపిల్ల చరణాన్ని అందుకొని పూర్తిచేసింది. అందరూ మళ్ళీ నవ్వుతూ పాడారు. గుల్జార్‌బీ కూడా చప్పట్లు కొట్టింది. ఆమె కన్నులు మాత్రం, వీడ్కోలు పాటల వంతు రాకముందే నిండాయి.

మరునాడు పొద్దున పెళ్ళింటి పొయ్యిల పొగ పడక, ఆమె మాధవయ్య ఇంటి అరుగుమీదికి వచ్చి కూర్చొంది. మాధవయ్య నంది మూపురానికి నునుపు పెడుతున్నాడు.

"నిన్న పాట నడిమధ్యలో ఆగిపాయనేందమ్మా? గోడ ఇవతల మేమంతా వింటానే ఉంటిమి," అన్నాడు.

"గాలి చాల్లేదన్నా."

"మా కోడలు కరెంటు పోయిందనుకొనింది. మైకు పెట్టినారనుకొని."

ఆమెకు నవ్వు వచ్చింది, నవ్వు దగ్గయింది. ఆనుకోవడానికి గడపబండమీద చేయి పెట్టింది. వేళ్ళకింద ఏదో పువ్వు తగిలింది. తేరుకొని చూసింది. నాపబండ మీద విచ్చుకొన్న తామర. రేకకు రేక మీద నీడ పడేటట్లు చెక్కిన పనితనం. ఒకవైపు మూడు రేకలు మాత్రం లేవు. అక్కడ రాయి గరుకుగా, పాలిపోయి, చీడ తిన్న ఆకులా ఉంది.

"మా నాయన చేతిది," అన్నాడు మాధవయ్య, అడగకుండానే. "దేవుండ్లను చెక్కేదానికి నల్లరాయి కావాల. మా నాయన ఉలి పట్టిన కొత్తలో నల్లరాయి ముట్టనీయలేదంట. ఈ నాపబండ ఇచ్చి నేర్చుకోపో అన్నారంట. ఆ మూడు రేకలూ జనం తొక్కి తొక్కి అరిగిపోయినాయి."

గుల్జార్‌బీ మళ్ళీ చూసింది. ఇంట్లోకి వెళ్ళే అడుగులు బండ నడుమన పడతాయి. నడుమనున్న రేకలు నున్నగా మెరుస్తున్నాయి, చెక్కినవి చెక్కినట్లే ఉన్నాయి. పోయినవి గోడవారగా ఉన్న మూడు. అక్కడ ఎవరూ కాలు పెట్టరు. అక్కడ నెలకొకసారి ఒక మోపెడ్ ఆగుతుంది.

ఆమె చెప్పకుండా ఊరుకోవచ్చు. మాధవయ్యకు తెలిసే దారి లేదు. చెబితే ఈ వీధి మొత్తం గఫార్‌కు మూతపడుతుంది. ఇంట్లో గరాటు ఎండిపోతుంది. అయినా ఆమె వేలు ఆ గరుకు చోటును విడిచి రాలేదు. తన ఎద లోపల కూడా ఇటువంటి చోటు ఒకటి ఉన్నదని, దానిని ఎవరూ తొక్కలేదని ఆమెకు అప్పుడు తెలిసింది.

"తొక్కినందుకు కాదన్నా," అన్నది. "మా ఆయన యాసిడ్ పోసి చూపించేది ఈడనే కదా. మీ పువ్వును మేమే తినేసినాము."

మాధవయ్య ఉలి కింద పెట్టాడు. వంగి, చాలాసేపు ఆ మూడు రేకల చోటును అరచేతితో తడిమాడు. రాయి సంగతి తెలిసినవాడే. కాని తన గడప తనకు రాయిగా ఎన్నడూ కనబడలేదు.

"సాయిబు యాడుండాడు?"

"షామియానా కట్టిస్తాండాడు."

"పిల్చుకొని రా. నేనేమీ అననులే. సుత్తి చూసి భయపడొద్దని చెప్పు."

గఫార్ వచ్చాడు, విన్నాడు, ఒప్పుకోలేదు. "అది ముసలి బండ మాధవయ్యా. దాంట్లో ఎన్నేండ్ల మురికి ఇంకిపోయిందో. మురికి పోతే గుంత పడదా?"

అప్పుడు గుల్జార్‌బీ అన్నది: "అన్నా, మీ దగ్గర నాపరాయి కొత్తది ఏదైనా ఉంటే పగలగొట్టండి."

మాధవయ్య మూలనున్న బండముక్క తెచ్చి ఒక్క దెబ్బ వేశాడు. రెండు చెక్కలయింది. లోపలి ముఖం, పుట్టిన తరువాత మొదటిసారి వెలుతురు చూస్తూ, నీలిబూడిద రంగులో నిగనిగలాడింది.

"దీన్ని ఇంతవరకూ ఎవురూ ముట్టుకోలేదు," అన్నది గుల్జార్‌బీ భర్తతో. ఇంట్లో వారి మాట ఉర్దూయే. ఈ మాట మాత్రం ముగ్గురికీ అర్థం కావాలని తెలుగులో అన్నది. "దీనికి మురికి యాడిది అజీ? పొయ్యి మూతెడు."

గఫార్ మోపెడ్ బుట్టలోంచి సీసా తీశాడు. ఆమెను దూరంగా నిలబెట్టి, గాలికి ఎడంగా తిరిగి, మూత వంచాడు. అప్పుడే పగిలిన రాయి బుసబుసమని పొంగింది. ఎన్ని వందల గడపల్లో చూపించాడో, అదే తెల్లని నురుగు. మూడు జతల కళ్ళ ముందు నురుగు లేచి, అణగి, బుడగ బుడగగా ఆరిపోయింది.

"మురికి కాదు సాయిబూ," అన్నాడు మాధవయ్య మెల్లగా. "రాయే."

"రాయినే ఇట్ల తింటాంది కదా," అన్నది గుల్జార్‌బీ. "నా ఎదలో ఉండేది రాయి గూడా కాదు."

గఫార్ సీసా మూత బిగించాడు. బిగించి, మళ్ళీ బిగించాడు. "అయితే ఏం అమ్మేది?" అన్నాడు చివరికి. "గాలి అమ్మాల్నా?"

ఆ ప్రశ్నకు జవాబు ఆళ్ళగడ్డ బస్టాండు దగ్గరే దొరికింది. పెళ్ళి ముగించుకొని తిరిగి వచ్చేటప్పుడు, నల్లమల అంచు ఊళ్ళనుంచి వచ్చినవారు గోతాల్లో కుంకుడుకాయలు పోసి అమ్ముతున్నారు. గుల్జార్‌బీ తలంటుకొని పెరిగింది వాటితోనే. అవ్వ వెండి కడియాలు తోమింది వాటితోనే. బండ కడిగితే మాత్రం ఏమవుతుంది? ఒక గోతం మోపెడ్ మీద వారిద్దరి నడుమ కూర్చొని నంద్యాల చేరింది. మిగిలిన యాసిడ్ క్యాన్లను ఆమె మోరీలో పారబోయనివ్వక, టోకు దుకాణానికే తిప్పి పంపించింది. ఆ మోరీ మద్దిలేరులో కలుస్తుంది, మద్దిలేరు కుందూలో. కుందూ కింద ఎన్ని వరిమళ్ళున్నాయో ఆమె లెక్కపెట్టలేదు గాని, మోరీ పక్కన తాను నాటిన గోరింట మొక్క ఏటేటా ఎందుకు మాడిపోయిందో ఆమెకిప్పుడు తెలుసు.

ఇక్కడితో కష్టాలు తీరాయని రాస్తే కథ సొంపుగా ఉంటుంది; నిజం ఉండదు. మొదట ఆమె కాయలను దంచి పొడి చేసింది. ఆ పొడికి ఇంటిల్లిపాదీ తుమ్ములతో మూలపడ్డారు. ఆమె మళ్ళీ పీల్చే మందు పట్టవలసి వచ్చింది. తరువాత, పుల్లటి పలుకులుగా దొరికే నిమ్మ ఉప్పును నీళ్ళలో కలిపి చూసింది. చెట్టున కాసే పులుపే గదా, దానివల్ల హాని ఏముంటుందని ధైర్యం. ఆ నీళ్ళను కిరాణా కొట్టు ఆదిలక్ష్మి తన మెరుగుపెట్టిన నాపబండల వసారాలో వాడి, సాయంత్రానికల్లా మనిషిని పంపింది.

"ఏం గుల్జారీ," అన్నదామె, మసకబారిన బండను కాలి బొటనవేలితో చూపిస్తూ. "యాసిడ్ సాయిబు పోయి నిమ్మకాయ సాయిబు వచ్చినాడే అనుకొంటి. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలేనా?"

గుల్జార్‌బీ మోకాళ్ళమీద కూర్చొని చూసింది. ఆళ్ళగడ్డ గడప గుర్తుకు వచ్చింది. పులుపు ఏ ఇంటిదైనా నాపరాయికి పగదేనని అప్పుడర్థమయింది. "తప్పు నాదేనక్కా. ఇది కొళాయికీ, ప్లాస్టిక్ బకెట్టుకూ మాత్రమే. బండ మీద పోసేది కాదు," అని, ఆ వసారాను మాధవయ్యను రప్పించి మళ్ళీ మెరుగు పెట్టించింది. ఆ పనికి మాధవయ్య కూలి తీసుకోలేదు. ఆదిలక్ష్మి పెట్టిన బొబ్బట్లు మాత్రం కాదనలేదు.

ఆ తరువాత పద్ధతి కుదిరింది. గింజలు తీసి ఎండబెట్టిన కుంకుడు తొక్కలను గుడ్డసంచిలో కట్టి అమ్మేవారు. సంచిని వేడినీళ్ళలో నానబెట్టి పిసికితే, ఆ రసం బండలకూ గిన్నెలకూ సరిపోయేది. కళ్ళలో పడనీయవద్దని, రెండు రోజులు దాటితే పులుస్తుందని, గఫార్ ప్రతి గడపలోనూ ముందే చెప్పేవాడు. మరుగుదొడ్డికి సబ్బునీళ్ళూ, గట్టి చీపురూ చాలునని చెప్పేవాడు. బ్లీచింగ్ పొడి ఎవరింట్లోనైనా కనబడితే, దాని పక్కన మరేదీ పెట్టవద్దని బతిమాలేవాడు.

ఆడవాళ్ళ అభ్యంతరం ఒక్కటే: వాసన లేదు. "ఫినాయిల్ వాసన రాకపోతే కడిగినానని మా అత్తకు ఎట్ల తెలుస్తాది?" అని ఒక కోడలు అడిగింది. "తలుపు తెరిచి పెట్టు. వాసన రాలేదే అని మీ అత్త లేచి వస్తాది, కడిగిన బండను కండ్లారా చూస్తాది," అన్నాడు గఫార్. గిరాకీ సగానికి పడిపోయింది. నిలోఫర్ చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పసాగింది.

ఆపై కరోనా వచ్చింది. వీధుల్లో మందునీళ్ళు చిమ్మారు. జనం బ్లీచింగ్ కోసం ఎగబడ్డారు. టోకు దుకాణం వాడే ఫోన్ చేసి, ఎంత కావాలంటే అంత అప్పుకు ఇస్తానన్నాడు. గఫార్ ఫోన్ చేతిలో పట్టుకొని భార్య వంక చూశాడు. ఆమె తన పీల్చే మందు డబ్బాను తీసి అతని పక్కన పెట్టింది. "చేతులకు సబ్బు చాలంట కదా, టీవీలో చెప్తాండారు," అన్నాడతడు ఫోన్లో. ఆ నెలంతా సబ్బుబిళ్ళలు అమ్మాడు.

ఆమె ఊపిరి నెమ్మదిగా తేరుకొంది. తెల్లవారు దగ్గు ముందు వారానికొకసారి అయింది, తరువాత చలికాలానికి పరిమితమయింది. వంట చేస్తూ చివరిమాటను సాగదీసి చూసుకొనేది. తెగినచోట ఆగి, మరునాడు అక్కడినుంచి ఇంకొంచెం.

నిలోఫర్ పెళ్ళికి మాధవయ్య రాలేకపోయాడు. కంటికి శుక్లాల ఆపరేషన్ జరిగింది. ఆ తరువాత అతనికి వచ్చిన జాబు ఇది. గుల్జార్‌బీ ఏడవ తరగతి వరకు చదివిన తెలుగుతో, తానే రాసింది.

"నంద్యాల, 8 డిసెంబరు 2024.

మాధవయ్యన్నకు, చెల్లెలు గుల్జార్‌బీ సలాములు. మీ కన్ను ఎట్లుంది? దుమ్ములో కూర్చోవద్దని డాక్టరు చెప్పింటాడు, మీరు వినింటారని నాకు నమ్మకం లేదు. ఫోన్‌లో చెప్తే సగం మాటలు మర్చిపోతానని రాస్తాండా. మీ కోడలితో చదివించుకోండి.

పెండ్లి బాగా జరిగింది. పెండ్లికొడుకు నందికొట్కూరులో కరెంటు పని చేస్తాడు. మేనత్తలు నలుగురు. నేను వదిలిన ఖాళీలు చాల్లేదు. నలుగురి మీదా పాడినాను. మొదటినుంచి చివరిదాకా నేనే. రెండు చోట్ల ఆగినాను అన్నా, అబద్ధం ఎందుకు. కానీ ఢోలక్ కొట్టే అంకమ్మ నేను ఆగిన చోట ఇంకో దరువు వేసి, అది పాటలోదే అన్నట్లు చేసింది. ఎవురికీ తెలీలేదు. మీకొక్కరికే చెప్తాండా.

గోరింటాకు బజార్లో కొనలేదు. మోరీ పక్క చెట్టు ఇప్పుడు నా కన్నా ఎత్తు పెరిగింది. వీధిలో ఆడపిల్లలందరూ దాన్నే కోసుకుపోయినారు.

మీరు కొత్తగా చెక్కి పంపిన బండ అందింది. తామర చూసి నిలోఫర్ అత్తగారింటికి తీసుకుపోతానని కొట్లాడింది, నేను ఇయ్యలేదు. మన గడపలో వేయించినా. దినమ్మూ కుంకుడు నీళ్ళతో కడుగుతాండా. రేకలన్నీ ఉండాయి. మా ఆయన మాత్రం దాన్ని తొక్కకుండా పక్కనుంచి కాలు చాపి దాటతాండాడు. తొక్కితే ఏం కాదులే అజీ, దాన్ని చెక్కింది తొక్కేదానికే అంటే, వినడు. నిన్న జారి మోపెడ్ మీద పడినాడు. దెబ్బేం తగల్లేదు.

మీరు కన్ను బాగయినాక వచ్చి ఆయన ముందర ఒకసారి తొక్కి చూపించండి.

మీ చెల్లెలు
గుల్జార్‌బీ"